ఇంటి పైకప్పు: గోడను చూచి, ఎండను చూచి, అప్పును చూచి

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలు ఊరక చెప్పలేదు. పెండ్లి ఖర్చు ఒక్క మాసముతో తెలిసిపోవును. ఇంటి ఖర్చు మాత్రము ఏండ్ల తరబడి తెలియుచునే యుండును. అందులోను పైకప్పు ఖర్చు మిక్కిలి మోసకారి. వేసిననాడు చవుకగా తోచిన కప్పు పదియేండ్లలో రెండు కప్పుల సొమ్మును తినివేయవచ్చును. వేసిననాడు ఘనముగా కనబడిన కప్పు రైతును పదియేండ్లు వడ్డీ క్రింద నలుపవచ్చును. వీటికంటె ఘోరమైన సంగతి యొకటి కలదు. తగని గోడలమీద తగని బరువు పెట్టిన కప్పు ఒక వానరాత్రి ఇంటిల్లిపాదిని పొట్టన పెట్టుకొనవచ్చును.

కోతలు ముగిసి, పల్లీయో ధాన్యమో అమ్మి, చేతిలో నాలుగు రూకలు ఆడునది మొదలు మృగశిర కార్తె వచ్చువరకు మన ఆత్మకూరు ప్రాంతమున ఇండ్ల పనులకు కాలము. పాత కప్పు దించి క్రొత్తది వేయదలచినవారు ఈ నెలలలోనే నిశ్చయించుకొనవలెను. "ఏ కప్పు మంచిది?" అని రైతులు అడుగుచుందురు. దీనికి అందరికిని సరిపడు ఒక్క జవాబు లేదు. ఎవరింటికి ఏది తగునో తేల్చుకొనుటకు మూడు ప్రశ్నలు కలవు. నా గోడలు ఎంత బరువు మోయగలవు? నా కప్పు ఎండను, వానను ఎట్లు తట్టుకొనును? దాని ఖర్చు మొదటినాటిది యెంత, ఏటేటిది యెంత? ఈ మూడును వరుసగా విచారింతము.

గోడ ముందు, కప్పు తరువాత

పూర్వపు మహబూబునగరు జిల్లాలోని రెండు దుర్ఘటనలను మన సభ్యులు మరువరాదు. 2021 అక్టోబరులో, కృష్ణకు ఆవల గద్వాల జిల్లా అయిజ మండలములోని కొత్తపల్లిలో, వానకు నానిన గోడ రాత్రివేళ కూలి ఒకే కుటుంబమున ఐదుగురు మరణించిరి. 2024 జూలై మొదట నాగర్‌కర్నూలు మండలములోని వనపట్లలో పాత మట్టి మిద్దె కూలి తల్లియు, ఆమె ముగ్గురు బిడ్డలును నిద్రలోనే ప్రాణములు విడిచిరి. ఇట్టి యిండ్లు మన ఊళ్లలో నేటికిని గలవు. పగలు చూచిన వానికి చక్కగా నిలిచియున్నట్లే కనబడును. గోడ అడుగు తేమతో మెత్తబడుటయు, కప్పు ఏటేట బరువెక్కుటయు పైకి తెలియవు.

కనుక కప్పుల బరువును ముందుగా తెలిసికొందము. 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల ఒక గదిని, అనగా 100 చదరపు అడుగుల చోటును, కప్పుటకు సుమారుగా ఎంత బరువు పడునో ఈ దిగువ చూపుచున్నాము.

ఇనుప రేకులు (అర మిల్లీమీటరు మందము): అర క్వింటాలు.
సిమెంటు రేకులు: ఒకటిన్నర క్వింటాలు.
బెంగుళూరు పెంకులు, వాటి బద్దలతో: 6 క్వింటాళ్లు.
గూనపెంకులు, వరుసలను బట్టి: 7 మొదలు 11 క్వింటాళ్లు.
రెండంగుళముల బండలు: 12 క్వింటాళ్లు.
నాలుగున్నర అంగుళముల కాంక్రీటు స్లాబు: 26 క్వింటాళ్లు.
అడుగు మందము మట్టి మిద్దె: 45 మొదలు 50 క్వింటాళ్లు, వానకు నానినచో ఇంకను హెచ్చు.

ఈ పట్టికను చూచినవారికి ఒక సంగతి స్పష్టమగును. అన్నిటిలో బరువైనది స్లాబు కాదు, మన తాతలనాటి మట్టి మిద్దె. దానిని మోయుటకే వారు రెండడుగుల మందపు గోడలు పెట్టిరి, దూలముల క్రింద మొగరములు నిలిపిరి. ఆ గోడలు పొడిగా ఉన్నంతకాలము ఎంత బరువునైన మోసినవి. గోడ అడుగున నీరు నిలిచిననాడు ఆ బలము పోయినది.

గోడను పరీక్షించుట ఎట్లు? నేలనుండి మోకాలెత్తు వరకు గోడను గునపపు మొనతో పొడిచి చూడవలెను. మట్టి పిండివలె రాలినను, తేమ తగిలినను అది కప్పు మోయదగిన గోడ కాదు. నిలువు పగులు తలుపుపైనుండి కప్పువరకు పోయినదా? మూలలవద్ద రెండు గోడలు విడిపోవుచున్నవా? తాడునకు రాయి కట్టి పైనుండి వ్రేలాడదీసినచో గోడ పొట్ట ఉబ్బినట్లు కనబడుచున్నదా? వీనిలో ఏ ఒక్కటి యున్నను ముందు గోడ సంగతి చూచి, పిమ్మట కప్పు మాట తలపెట్టవలెను. మట్టిగోడలమీద స్లాబు వేయించుట ఎన్నడును తగదు. ఇటుక, రాతి గోడలైనను అవి మట్టి అడుసుతో కట్టినవైనచో, తెలిసిన ఇంజనీరుకు చూపనిదే స్లాబు వేయరాదు.

మట్టి మిద్దె

మట్టి మిద్దెను పాతకాలపు పనియని తేలికగా చూడరాదు. మన ఎండలకు అది మిక్కిలి తగిన కప్పు. దూలములమీద దంతెలు, వాటిపై చెక్కలో బండలో తడికెలో పరచి, వాటిమీద మన్ను త్రొక్కి, అన్నిటికి పైన చవుడు పోయుదురు. పంటకు పనికిరాని చవుడు ఇంటికప్పునకు ఏల పనికివచ్చును? చవుటి నేలలోని ఉప్పులలో సోడియము హెచ్చు. అది బంకమట్టి రేణువులను విడదీయును. వాన తగులగానే విడిన ఆ సన్నపు రేణువులు ఉబ్బి, క్రింది మట్టి సందులను పూడ్చివేయును. అందుచేత నీరు లోనికి దిగక పైననే జారిపోవును. చవుటి చేనిలో వాననీరు ఇంకక నిలుచుటకు ఏది కారణమో, మిద్దె కారకుండుటకును అదే కారణము. చేనికి చెరుపైన గుణము ఇంటికి మేలయినది.

అడుగు మందపు మన్ను పగటి ఎండను మెల్లగా పీల్చుకొనును. ఆ వేడి లోపలికి దిగునప్పటికి ప్రొద్దు క్రుంకును. మండువేసవి మధ్యాహ్నము మిద్దెయింట చల్లగా నుండుటకు ఇదియే హేతువు.

అయితే మిద్దెకు శత్రువులు మూడు: నిలిచిన నీరు, చెదలు, ఏటేట పెరుగు బరువు. ఏడాదికొకసారి ఉరుపునకు అంగుళము మన్ను పోయుట మన వాడుక. 100 చదరపు అడుగులమీద అంగుళము మన్ననగా 4 క్వింటాళ్లు. పాత మన్ను తీయక పదిసార్లు పోసినచో 40 క్వింటాళ్లు పెరిగెనన్నమాట. అదే సమయమున దూలము కొసలు గోడలో చెదపట్టి క్షీణించుచుండును. ఒకవైపు బరువు హెచ్చు, మరియొకవైపు బలము తగ్గును. మిద్దెలు కూలుటకు ముఖ్యకారణములలో ఇది యొకటి.

కనుక మిద్దెను నిలుపుకొనదలచినవారు క్రొత్తమన్ను పోయుటకు ముందు అంతే పాతమన్ను గీకి దించవలెను. గోడలో దూరిన దూలపు కొసలను సుత్తితో తట్టి, మేకుతో పొడిచి చూడవలెను. బోలు శబ్దము వచ్చినచో ఆ దూలమును మార్చవలెను. మిద్దెమీద మొలచిన చెట్లను వేళ్లతో పెఱికి వేయవలెను. నీరు పోవు తూము గోడను తాకకుండ రెండడుగులు బయటికి చాచియుండవలెను. కొందరు మన్ను క్రింద మందపు ప్లాస్టిక్కు పట్టా పరచుచున్నారు. ఉరుపు ఆపుటకు అది మంచిదే గాని చెదతిన్న దూలమునకు అది బలము నీయదు.

ముసురు పట్టి రెండు మూడు దినములు వాన ఎడతెగక కురిసినప్పుడు, మన్ను రాలుట, దూలము నడుమ వంగుట, నిన్న పడిన తలుపు నేడు బిగుసుకొనుట అను గుర్తులు కనబడినచో ఆ రాత్రి ఆ యింట పండుకొనరాదు. పిల్లలను, వృద్ధులను బడికో పంచాయతీ భవనమునకో బంధువుల యింటికో చేర్చవలెను. సామానులకై తిరిగి లోనికి పోరాదు.

పెంకులు

గూనపెంకులు మన కుమ్మరుల చేతిపని. బెంగుళూరు పెంకులని మనము పిలుచునవి నిజమునకు మంగుళూరునుండి వ్యాపించినవి. అచట 1865లో బాసెలు మిషనువారు మొట్టమొదటి పెంకుల కర్మాగారమును స్థాపించిరి. ఆ పెంకులు ఒకదానిలోనొకటి గాడికి గాడి పట్టుకొని కూర్చుండును గనుక తక్కువ పెంకులతో ఎక్కువ చోటు కప్పవచ్చును. 100 చదరపు అడుగులకు సుమారు 140 పట్టును. పగిలిపోవువానికి గాను 150 కొనుట మేలు.

పెంకుటింటి గుణము దాని సందులలో నున్నది. పెంకుల నడుమ గాలి ఆడుచుండును గనుక వేడి లోపల నిలువదు; పొయ్యి పొగ పైకి పోవును. ఒక పెంకు పగిలినచో ఆ యొక్క పెంకునే మార్చవచ్చును. అప్పు చేయనక్కరలేని మరమ్మతు రైతునకు గొప్ప లాభము.

పెంకు కొనునప్పుడు మూడు పరీక్షలు చేయవలెను. వ్రేలితో కొట్టినచో కంచువలె మ్రోగవలెను. దానిమీద నీరు నిలిపి కొంతసేపు ఉంచినను అడుగున బొట్టు పడరాదు. పొడి పెంకును తూచి, ఒక రాత్రియంతయు నీట నానబెట్టి మరల తూచినచో, బరువు ఐదవ వంతునకు మించి పెరుగరాదు; అనగా రెండున్నర కిలోల పెంకు మూడు కిలోలు దాటరాదు. వాలు చాలనిచో ఎంత మంచి పెంకైనను కారును. ఇంటి వెడల్పు 12 అడుగులైనచో నడికొప్పు గోడకంటె మూడున్నర అడుగులు ఎత్తుండవలెను.

ఇక చిక్కులు. వాసములకు, బద్దలకు మంచి కఱ్ఱ దొరకుట కష్టమైనది, దొరకినను ప్రియము. గూనపెంకులు చేయు కుమ్మరులు ఊరూర తగ్గిపోయిరి గనుక పగిలిన పెంకునకు బదులు పెంకు తెచ్చుట సులభముగా లేదు. అన్నిటికి మించినది కోతుల బాధ. అడవిలో మేత కరవై ఊళ్లలో జేరిన కోతులు పెంకులను ఎత్తి విసరుచుండుటచే ఎందరో రైతులు విసిగి పెంకులు దించి రేకులు వేసికొనిరి. కోతులు మిక్కుటముగా నున్న ఊరిలో పెంకుటిల్లు క్రొత్తగా కట్టువారు ఈ సంగతిని ముందే ఆలోచించుకొనవలెను.

గడ్డి కప్పును గూర్చి రెండు మాటలు. అది చవుక, చల్లన. కాని రెండు మూడేండ్లకొకసారి మార్చవలెను, నిప్పునకు భయపడవలెను. పశువుల కొట్టమునకు, చేనివద్ద గుడిసెకు అది చాలును.

రేకులు

లండనులో 1829లో హెన్రీ పామరను ఇంజనీరు ఇనుప రేకును అలలవలె మడచినచో దాని బలము ఎన్నో రెట్లు పెరుగునని కనిపెట్టెను. 1837లో ఫ్రాన్సు దేశమున సోరెలను నతడు ఇనుమునకు తుప్పు పట్టకుండ జింకు పూత పూయు విధమునకు హక్కు పొందెను. ఈ రెండు ఉపాయముల కలయికయే నేటి మన ఇనుప రేకు. తేలిక, త్వరగా వేయవచ్చును, కోతులకు లొంగదు, పాత గోడలకు బరువు కాదు. పాడైన మిద్దెను దించి, ఆ గోడలనే బాగుచేసికొని నివసింపదలచిన పేదరైతునకు ప్రాణభయము తీర్చు కప్పు ఇదియే.

కాని ఇనుప రేకు ఎండను క్షణములో లోపలికి దించును. వేసవి మధ్యాహ్నము రేకుల క్రింద పసిబిడ్డను, ముసలివారిని ఉంచుట ప్రమాదము. వడదెబ్బ తగులుటకు వీధిలోనికే పోనక్కరలేదు. దీనికి మందు కలదు. రేకునకు అడుగున అడుగు ఎడము విడిచి వెదురు తడికెలతోనో బొంగుల చాపలతోనో లోకప్పు కట్టి, ఆ ఎడమునుండి గాలి పోవుటకు ఇరుప్రక్కల సందులు విడువవలెను. పైన తెల్లని సున్నమో తెల్లరంగో వేయవలెను. మన ఆడవారు కప్పుమీదికి సొర, బీర తీగలను ఎక్కించుటయు ఎండకు మందే, కూరకు ఆధారమే.

రెండవ చిక్కు గాలి. వేసవి గాలివానలకు రేకులు ఎగిరి మనుష్యులమీద పడుట ప్రతియేడు వినుచున్నాము. రేకులమీద రాళ్లు పెట్టుట దీనికి ఉపాయము కాదు. గాలికి రేకు లేచినప్పుడు ఆ రాయియే తలమీద పడును. గోడ కట్టునప్పుడే ఇనుపపట్టీలను మూడడుగుల లోతున గోడలో దించి, వాటికి దూలమును బిగించి, దూలమునకు రేకును కొక్కీ బోల్టులతో బిగింపవలెను. చూరు రెండడుగులకు మించి చాపరాదు. చాచిన చూరు క్రిందనే గాలి దూరి కప్పును లేపును. చివరి వరుసలలో బోల్టులు దగ్గర దగ్గరగా నుండవలెను. బోల్టు రంధ్రమును రేకు అల మీద వేయవలెను గాని గాడిలో వేయరాదు. గాడిలో వేసిన రంధ్రము తప్పక కారును.

సిమెంటు రేకుల సంగతి వేరు. ఇవి సిమెంటునకు రాతినార, అనగా ఆస్బెస్టాసు, కలిపి చేసినవి. హైదరాబాదులో 1946లో ఇట్టి వస్తువుల సంస్థ స్థాపితమైనప్పటినుండి మన ప్రాంతమున ఇవి విరివిగా వాడుకలోనికి వచ్చినవి. ఇనుప రేకుకంటె కొంత చల్లన, తుప్పు పట్టవు. కాని రాతినార దుమ్ము ఊపిరితిత్తులలో చేరినచో పలు సంవత్సరములు గడచిన పిమ్మట ఊపిరితిత్తులు గట్టిపడు వ్యాధియు, క్యాన్సరును కలుగునని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చినది. బ్రిటను 1999లోను, ఐరోపా సమాఖ్య 2005 నాటికిని దీనిని నిషేధించినవి. పనివారిని కాపాడవలసిన విధులను గూర్చి మన దేశపు సుప్రీము కోర్టు 1995లోనే తీర్పు నిచ్చినది.

కప్పుమీద చెక్కుచెదరక యున్న పాత సిమెంటు రేకును చూచి భయపడి పెఱికివేయనక్కరలేదు. కీడంతయు దుమ్ములో నున్నది. కనుక దానిని రంపముతో కోయరాదు, విరుగగొట్టరాదు, పైన గరుకు చీపురుతో రుద్దరాదు. దించవలసివచ్చినచో నీటితో బాగుగ తడిపి, ముక్కుకు గుడ్డ చాలదు గనుక తగిన మాస్కు కట్టుకొని, రేకు రేకుగా బోల్టులు విప్పి దించవలెను. విరిగిన ముక్కలను దంచి నేలకు పోయుట, పిల్లలు వాటితో ఆడుకొనుట కూడదు. క్రొత్తగా కొనువారు రాతినార లేని రేకులను అడిగి కొనుట మేలు. అవియు అంగళ్లలో దొరకుచున్నవి.

బండలు

షాబాదు, తాండూరు సున్నపురాతి బండలు మన ఇండ్లలో నేలకు సుపరిచితములు. గనులకు సమీపమున నున్న ఊళ్లలో వానినే కప్పునకును వాడుదురు. బండ ఎంత గట్టిదైనను వంగుటకు ఓర్వదు. నడుమ ఆధారము లేనిచో ఫెళ్లున విరుగును. కనుక దూలమునకు దూలమునకు నడుమ మూడు నాలుగు అడుగులకంటె ఎడము పెట్టరాదు. పొరలు కనబడు బండను, కొట్టినచో డొల్ల శబ్దమిచ్చు బండను తీసివేయవలెను. సందులు పూడ్చిన సున్నము ఎండకు చీలును గనుక ఏటేట చూచుకొనవలెను. లారీ బాడుగ కలిపి లెక్క చూచినచో దూరపు ఊళ్లకు ఇది గిట్టుబాటు కాకపోవచ్చును.

కాంక్రీటు స్లాబు

నేడు అందరి చూపును స్లాబుమీదనే. పాలమూరు కూలీలు దేశమంతట ఆనకట్టలు, మేడలు కట్టి ఈ పనిలో నేర్పు సంపాదించినవారు. వారి సొంత ఊళ్లలో స్లాబు మంచిదిగా పడకపోవుటకు కారణము లేదు. కాని తొందర, నీటి కరవు, తప్పుడు పొదుపు అను మూడును స్లాబును చెరచుచున్నవి. స్లాబు వేయించువారు ఈ సంగతులను తామే నిలుచుండి చూడవలెను.

మొదటిది, కలుపు. ఒక పాలు సిమెంటునకు ఒకటిన్నర పాళ్లు ఇసుక, మూడు పాళ్లు కంకర. కొలత డబ్బాతో కొలువవలెను గాని పారతో ఉజ్జాయింపుగా వేయరాదు. రెండవది, నీరు. 50 కిలోల సిమెంటు సంచికి 27 లీటర్లకు మించి నీరు పోయరాదు. పలుచగా నున్నచో పని త్వరగా సాగును గనుక మేస్త్రీలు నీరు హెచ్చుగా పోయుదురు. ఎండిన పిమ్మట ఆ నీరున్న చోట సన్నని సందులు మిగిలి స్లాబు కారును. ఉప్పునీటి బోరునీరు ఎంతమాత్రము వాడరాదు. అది లోపలి చువ్వలకు తుప్పు పట్టించును. మూడవది, చువ్వల క్రింద ముప్పాతిక అంగుళము ఎడము. దీనికై సిమెంటు బిళ్లలు పెట్టవలెను. రాళ్లు, పెంకు ముక్కలు పెట్టరాదు. ఎడము లేని చువ్వ కొన్నియేండ్లకే తుప్పుపట్టి ఉబ్బి, అడుగు పెచ్చులను రాల్చును.

నాలుగవది, నీటి తడి. స్లాబుమీద మట్టి కట్టలు కట్టి, మడివలె నీరు నిలిపి, 14 దినములు ఎండనీయక ఉంచవలెను. వరినారు ఎండినచో చచ్చునట్లే తొలి దినములలో ఎండిన స్లాబు బలము పొందదు. అన్నిదినములును అడుగు కఱ్ఱలు తీయరాదు. నీరు చాలని వేసవిలో స్లాబు వేయుటకంటె నీరు చేతినిండ నున్న కాలమున వేయుట ఉత్తమము.

స్లాబునకు సహజమైన దోషము వేడి. అది పగలంతయు ఎండను త్రాగి రాత్రి మనమీద కక్కును. పైన తెల్లసున్నమో తెల్లరంగో పూసినచో చాల ఎండ తిరిగి ఆకాశమునకే పోవును. లోపల కొన్ని డిగ్రీలు తగ్గును. తెలంగాణ ప్రభుత్వము 2023 ఏప్రిలులో చల్లని కప్పుల విధానమును ప్రకటించినది; అట్టి విధానమును వెలువరించిన మొదటి రాష్ట్రము మనదే. ఆ విధానపు సూత్రమంతయు మన అవ్వలు గోడకు కొట్టు సున్నములోనే యున్నది. దానిని కప్పునకును కొట్టవలెను.

పొదుపు కోరువారికి ఇంకొక మార్గము కలదు. స్లాబు అడుగుభాగమున చువ్వల నడుమ నున్న కాంక్రీటు బరువే గాని పెద్దగా బలము నీయదు. అచట బెంగుళూరు పెంకులను పొదిగి పైన కాంక్రీటు పోసినచో సిమెంటు కలిసివచ్చును, బరువు తగ్గును, వేడియు తగ్గును. కేరళలో లారీ బేకరను శిల్పి ఈ పద్ధతిని వేలకొలది సామాన్యుల యిండ్లకు తెచ్చి ప్రసిద్ధి గావించెను. అయితే తెలిసిన ఇంజనీరు చెప్పిన లెక్క ప్రకారమే దీనిని వేయవలెను.

ఏ కప్పునైనను వాన విషయమున ఒక్కటే ధర్మము: కప్పునుండి జారిన నీరు గోడ అడుగున పడరాదు. 400 చదరపు అడుగుల కప్పుమీద సంవత్సరమునకు 600 మిల్లీమీటర్ల వాన కురిసినచో 22,000 లీటర్ల నీరు జారును. అది గోడమొదట ఇంకినచో ఇంటికి మృత్యువు. గొట్టముతో గుంతలోనికో తొట్టిలోనికో చేర్చినచో పశువులకు నీరు, పెరటికి పంట.

ఖర్చు లెక్క

ఇక మూడవ ప్రశ్న. లెక్కకొరకు ఊహించుకొందము: ఒక కప్పునకు 60,000 రూపాయలగును, 15 ఏండ్లు నిలుచును, ఏటికి 1,000 మరమ్మతు. అప్పుడు ఏటి ఖర్చు 5,000. మరియొక కప్పునకు 1,80,000 అగును, 50 ఏండ్లు నిలుచును, ఏటికి 500 మరమ్మతు. దాని ఏటి ఖర్చు 4,100 మాత్రమే. సొంత సొమ్ము గలవానికి రెండవదే చవుక.

కాని అదే సొమ్మును నూటికి 12 వడ్డీకి తెచ్చినచో? మొదటిదానికి తొలియేటి వడ్డీ 7,200, రెండవదానికి 21,600. ఏటికి 900 కలిసివచ్చునని పోయినవాడు తొలియేడే 14,400 ఎక్కువ వడ్డీ కట్టును. కనుక "ఏ కప్పు చవుక?" అను ప్రశ్నకు "ఎవరి సొమ్ముతో?" అని మారుప్రశ్న వేసికొనవలెను. పంటకై తెచ్చిన ఋణమును కప్పుమీద పెట్టినవాడు, విత్తనమునకు మరల వడ్డీ వ్యాపారి గడప త్రొక్కును. ఈ పని సర్వవిధముల విడువదగినది.

ఇంటి స్థలము గలిగిన పేదలకు 5 లక్షల రూపాయల సహాయము నిర్ణయించుచు ఇందిరమ్మ ఇండ్ల పథకమును తెలంగాణ ప్రభుత్వము 2024 మార్చిలో ప్రారంభించినది. పని సాగిన కొలది విడతలుగా సొమ్ము చెల్లించు పద్ధతి యిది. అట్టి సహాయము పొందినవారు ఆ సొమ్ములో ముగియునంత ఇల్లే మొదలుపెట్టవలెను. పొరుగువానికంటె ఒక గది ఎక్కువ కావలెనని పునాది పెంచి, గోడలవద్ద ఆగి, కప్పునకై అప్పు వెదకుకొను యిండ్లు ఊరూర కనబడుచున్నవి. కప్పు లేని నాలుగు గదులకంటె కప్పు గల రెండు గదులు మేలు.

కలిసి చేయదగిన పనులు

ఒక్కడుగా కొన్నవాడు అంగడివాడు చెప్పిన ధర నిచ్చును. పదిమంది కలిసినచో లారీ సరకును టోకు ధరకు తెప్పించుకొనవచ్చును. పెంకులకును, రేకులకును, సిమెంటునకును ఇది వర్తించును. స్లాబు అడుగున నిలుపు ఇనుప పలకలను, గుంజలను ఒక్కొక్కరు బాడుగకు తెచ్చుటకంటె సంఘము పేర ఒకమారు కొని వంతులవారీగా వాడుకొనవచ్చును. అప్పుడు బాడుగకు జడిసి 14 దినములకు ముందే కఱ్ఱలు పెఱుకు దురవస్థ తప్పును. పెంకులు నిలుపుకొనగోరు ఊళ్లలో పాత ఇండ్లనుండి దించిన మంచి పెంకులను ఒకచోట చేర్చియుంచినచో మరమ్మతులకు కొదువ యుండదు.

అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి. మృగశిర కార్తెకు ముందు ప్రతి ఊరిలో ఇద్దరు అనుభవజ్ఞులు, ఒక మేస్త్రీ కలిసి పాత మిద్దెలన్నిటిని తిరిగి చూచి, ప్రమాదముగా నున్న యిండ్ల పట్టిక వ్రాసి, పంచాయతీకిని సంఘమునకును అందజేయవలెను. దీనికి పైకము పట్టదు, రెండు దినముల శ్రమ పట్టును. చెదతిన్న దూలమును ఎండకాలమున మార్చుట ఒక దినపు పని. వానకాలమున దాని క్రిందనుండి మనుష్యులను తీయుట ఎవ్వరికిని రాకూడని పని.

సభ్యులు తమ తమ ఇండ్ల గోడలను ఈ వారమే పరీక్షించుకొని, కప్పు మార్చవలసినవారు వానలకు ముందే సంఘపు సమావేశమున ఆ సంగతి తెలుపుదురుగాక.